చూసేకొద్దీ ఆరిపోయే చుక్కలు

హనుమంతమ్మ గొర్రెల మందకు అమ్మవారు పోసిందని కురువ పెద్దమనుషులు కంబళి పరిచి కూర్చొని తేల్చేసినారు. పరిచిన కంబళి మీద చెప్పిన మాటను మళ్ళీ కంబళి పరిస్తే తప్ప మార్చేదానికి లేదు. అది వాళ్ళ కట్టు. ఆ రోజు చెప్పిన మాట ఇది: పల్లెలో ఉండే ఆరు మందల్లో అయిదు మేపు కోసం తుంగభద్ర కాలువ కిందికి, సిరుగుప్ప దిక్కు పోతాయి. హనుమంతమ్మ మంద మాత్రం పల్లెలోనే ఆగల్ల.

ఆగడమంటే చావడమే. గార్లదిన్నెకు ఎగువన ఉండే ఆ పల్లెలో వరసగా రెండేండ్లు వాన పడలేదు. శెనక్కాయ చేన్లలో కట్టె కూడా మిగల్లేదు. బావిలో బొక్కెన వేస్తే కింద రాయి పలుకుతాంది. గొర్రెలు సర్కారు కంపల కింద దూరి కాయలు ఏరుకొని తింటాండాయి. కాయలు అయిపోతే తినేదానికి మన్నే.

"అది అమ్మవారు కాదు మామా," అనింది హనుమంతమ్మ. "కంప కింద దూరితే ముండ్లు గీరినాయి. ఆ పుండ్లవి."

పెద్దన్న ఆమె మొగునికి మేనమామ, కురువోళ్ళందరికీ పెద్ద. నోట్లో ఆకు ఒక పక్కకు నెట్టి అన్నాడు. "తోక కిందా, తొడ సందునా గీరే ముల్లు యాడుందో చూపీ కోడలా, మేము కూడా చూస్తాం. అయినా అమ్మవారంటే ఏందో నీకు ఒకరు చెప్పాల్నా? అద్దంలో చూసుకుంటే సాలదా?"

హనుమంతమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. మొగమంతా గుంటలే. ఆ మాటకు నలుగురూ నవ్వినారు. ఆమె మొగుడు ఎర్రిస్వామి నవ్వలేదు. ఆయన మాట్లాడితే గొర్రెలతోనే మాట్లాడతాడు.

కట్టు ప్రకారం దొడ్డి చుట్టూ వేపమండలు కట్టినారు. అయిదు మందలోళ్ళు ప్రయాణానికి గిన్నెలు, గోనెలు సర్దుకుంటాంటే హనుమంతమ్మ దొడ్డి కాడ కూర్చొని ఒక్కో గొర్రెనూ తిరగేసి చూసింది. ఒక తెల్ల గొర్రె పొట్టకింద పక్కులు లేచి పోయి, పచ్చి నెత్తురు కనపడుతాంది. కాకులు పొడిచినాయనుకొని తిట్టింది. ఎర్రిస్వామి ఒక నల్ల గుడ్డ తెచ్చి కట్టెకు కట్టి దొడ్డి మీద పాతినాడు. కాకులు ఆ గుడ్డ మీదే కూర్చున్నాయి.

అనంతపురం పశువుల ఆఫీసు నుంచి డాక్టరు యేసన్న మోటారు సైకిలు మీద వచ్చింది ఆ వారమే. గుత్తి దిక్కు పిల్లోడు, చదువు ముగించి ఎక్కువ కాలం కాలేదు. వాళ్ళ ఆఫీసుకు కొత్తగా ఒక మైక్రోస్కోపు వచ్చింది. దానికి మామూలు బల్బు కాదు, పాదరసం దీపం. ఆ దీపం కింద ఏం పెట్టి చూద్దామా అని పల్లెలు తిరుగుతాండాడు. హనుమంతమ్మ గొర్రెల పుండ్లను గీకి గాజుపలకలకు పూసుకున్నాడు. పోల్చి చూసేదానికి పక్క పల్లెలో రోగం లేని గొర్రె తోలును కూడా ఇంత గీకి తెచ్చుకున్నాడు.

"ముల్లో అమ్మవారో ఎట్ల కనుక్కుంటావప్పా?"

"రంగులో ముంచి, నీలం వెలుగు కింద పెడితే కనపడుతుందక్కా."

"ఎవురికి?"

"నాకు."

"నీ కండ్లకు కనపడేది నా కండ్లకు ఎందుకు కనపడదు?"

యేసన్న నవ్వినాడు. నవ్వినాడంటే ఒప్పుకున్నాడని లెక్కేసుకొని, మరుసటి రోజు పొద్దున్నే కంబళి భుజానేసుకొని ఆమె బస్సెక్కింది. ముల్లని తేలితే ఆ మాట పట్టుకొచ్చి మళ్ళీ కంబళి పరిపించాలని ఆమె ఎత్తు.

ఆ గది ఆఫీసు వెనకాల ఉండాది. కిటికీకి నల్ల కాయితం అంటించినారు గానీ ఒక అద్దం పగిలిపోయి ఎండ లోపలికి దూరుతాంది. చీకటి లేకుంటే ఏమీ కనపడదని డాక్టరు గొణుక్కుంటాంటే హనుమంతమ్మ భుజం మీది కంబళి తీసి కిటికీకి వేలాడేసింది. గది గుహ మాదిరి అయిపోయింది. ఉన్ని వాసనకు డాక్టరు తుమ్మినాడు.

"ముందు రోగం లేని గొర్రెది చూడు. ఏది ఎట్ల ఉండాలో తెలిస్తేనే గదా ఏది తప్పో తెలిసేది."

ఆమె గొట్టంలో కన్ను పెట్టింది. మొదట తన రెప్ప వెంట్రుకలే కనపడినాయి. తరవాత మసక విడిపోయింది. నల్లటి నలుపులో ఎర్రగా కాలుతాండే ముద్దలు. ఒక్కో ముద్ద నడుమ గుండ్రంగా ఆకుపచ్చ.

"రాగిముద్దలో పెసరగింజ ఒత్తినట్టుండాది," అనింది.

"ఒక్కో ముద్దా ఒక కణం. గొర్రె ఒళ్ళంతా అట్లాటివే, నీ ఒళ్ళూ అంతే. నడుమ ఉండే ఆ గింజలో రాత ఉంటుంది. గొర్రె గొర్రెగా ఎట్ల పుట్టల్ల, ఉన్ని ఏ రంగు రావల్ల, అంతా ఆ రాతే. డీఎన్ఏ అంటాం. మేము పూసే రంగు ఆ రాతకు అంటుకుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. చుట్టూ ఎర్రగా ఉండేది ఆ రాతను చూసి తీసుకున్న నకలు. దాన్ని పట్టుకొనే పని జరుగుతుంది."

"అంటే ఆకుపచ్చ నడుమనే ఉండల్ల."

"నడుమనే. బయట ఉండకూడదు." డాక్టరు పలక మార్చినాడు. "ఇది నీ తెల్ల గొర్రెది."

పెసరగింజ ఉండాది. దాని బయట, ఎర్ర ముద్దలో, ఎవరో పచ్చటి ఇసుక చిటికెడు చిటికెడుగా చల్లినట్టు చుక్కలు. కొన్ని ముద్దల్లో ఒకటీ అరా. ఒకదాంట్లో అయితే కుప్ప.

హనుమంతమ్మ గొట్టం వదలలేదు. ఇది తన గొర్రె. ముల్లు గీరితే ఈ చుక్కలు యాడనుంచి వస్తాయి? ఈ కుప్పలో ఏది ముందు వచ్చింది, ఏది తరవాత పుట్టింది? చూస్తాండగానే చుక్కలు మసకబారినాయి. కండ్లు నలుపుకొని మళ్ళీ చూసింది. ఎర్ర కూడా బూడిద రంగుకు తిరిగింది.

"ఆరిపోయింది సారూ. నేనేం చెయ్యలేదు."

"చూసేకొద్దీ ఆరిపోతుందక్కా. కనపడాలంటే వెలుగు కావల్ల, ఆ వెలుగే రంగును తినేస్తుంది. ఇదో, ఈ మర తిప్పి పలకను రవ్వంత పక్కకు జరుపు. చూడని చోట ఇంకా అట్లనే ఉంటుంది."

జరిపింది. మళ్ళీ రాగిముద్దలు, మళ్ళీ పచ్చ ఇసుక. ఈసారి వెంటనే కన్ను తీసేసింది.

"ఆ చుక్కలు ఎవురి రాత?"

"అమ్మవారిది. దానికి సొంత ఇల్లు లేదు, పొయ్యి లేదు. గొర్రె కణంలోకి వచ్చి గొర్రె పొయ్యి మీదే వండుకుంటుంది. చుక్క ఉన్న చోటంతా ఒక పొయ్యి."

హనుమంతమ్మ స్టూలు మీద నుంచి దిగి నేల మీద కూర్చునింది. ముల్లు కాదు. పెద్దన్న చెప్పింది నిజమే. ఆమె మంద ఆగల్ల, ఆగి చావల్ల. అది తన కంటితో తనే చూసింది, ఇంగ కాదనేదానికి లేదు. అయినా నోరు ఊరికే ఉండలేదు.

"నా మొగం మీద తిరిగింది ఇదేనా?"

"దాని అక్కచెల్లెలు. నీకొచ్చింది ఇప్పుడు యాడా లేదు, పోయింది. గొర్రెది మనుషులకు అంటదు."

"ఇదేమో పోలేదు." చెంప మీది గుంట తడుముకునింది. "పొక్కు ఎండి పక్కు కడుతుంది గదా. పక్కులో కూడా ఈ పచ్చ ఉంటుందా?"

"మస్తుగా ఉంటుంది. రాలిపోయిన పక్కులో నెలల తరబడి బతుకుతుంది."

"ఆ పక్కు నూరి ఇంకో గొర్రె చెవికి గీకితే?"

డాక్టరు తలెత్తినాడు. ఆమె చెప్పింది. అది వాళ్ళ తాతల నాటి పద్ధతి. అమ్మవారు పోసిన గొర్రె పక్కు తెచ్చి, పాలలో నూరి, మంచి గొర్రె ఎడమ చెవికి ముల్లుతో గీకి అద్దుతారు, పైన పసుపు పెడతారు. చెవి మీద రెండు పొక్కులు లేచి పోతాయి, పెద్ద అమ్మవారు దాని జోలికి రాదు.

"తప్పు పద్ధతి కాదది," అన్నాడు యేసన్న. "చానా సార్లు కాపాడుతుంది. అయితే చెవి మానేదాకా ఆ గొర్రెలోనూ ఈ పచ్చ ఉంటుంది. అది నడిచిన దోవంతా అంటించుకుంటా పోతుంది."

అప్పుడు తట్టింది ఆమెకు తెల్ల గొర్రె పొట్ట. కాకి పొడిస్తే మాంసానికి పొడుస్తుంది. పక్కు ఎత్తుకపోయి కాకి ఏం చేసుకుంటుంది?

పల్లెలో దిగేసరికి మందలు దొడ్లకు మళ్ళే వేళయింది. ఇంటికి పోకుండా నేరుగా పెద్దన్న దొడ్డి కాడికి పోయి నిలబడింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతాండాయి. ఎడమ చెవి పసుపు. ఇంకో ఎడమ చెవి పసుపు. పెద్దన్న కోడలు తిప్పమ్మ గొర్రెపిల్లల్ని లోపలికి తోలుతా ఈమెను చూసి నిలబడిపోయింది.

"చెవుల్లో పురుగు పడింది అక్కా. పసుపు పెట్టినాం."

"అన్నిటికీ ఎడమ చెవిలోనే పడిందా తిప్పమ్మా? బుద్ధి ఉండే పురుగే."

మిగతా మందలూ చూసింది. అన్నీ పసుపు చెవులే. తనను వదిలి పోయేవాళ్ళంతా తన గొర్రె పక్కు చెవిలో పెట్టుకొని పోతాండారు.

ఆడది కంబళి పరిపించే ఆచారం లేదు. హనుమంతమ్మ నడి వీధిలో నిలబడి అరిస్తే ఎవరూ బయటికి రాలేదు. ఎర్రిస్వామి వచ్చినాడు. ఆమె మీద ఉండే కంబళి తీసుకున్నాడు, దులిపినాడు, పెద్దన్న ఇంటి ముందర పరిచినాడు. పరిచి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పరిచిన కంబళిని కాదని పోయేదానికి పెద్దన్నకైనా లేదు. ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు.

"నా మందలో అమ్మవారు ఉండాది," అనింది ఆమె. "ముల్లన్నది నా తప్పు. నేను కంటితో చూసి వచ్చినా."

వాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. గొడవకు వచ్చిన మనిషి మొదట్లోనే ఓడిపోయినానంటే ఏమనుకోవాల్నో వాళ్ళకు తెలియలేదు.

"మీ మందల్లోనూ ఉండాది. చెవుల్లో ఉండాది. నన్ను ఆపినారు గదా, మీరూ ఆగండి."

"చెవి గీకేది అమ్మవారికి ఎదురు మందు," అన్నాడు పెద్దన్న. "మందూ రోగమూ ఒకటేనంటావా? మా నాయన గీకినాడు, వాళ్ళ నాయన గీకినాడు. ఎవురికీ ఏమీ కాలేదు."

"ఒకటో కాదో నువ్వే చూద్దువు రా. నీ గొర్రె చెవి గీకి ఆ దీపం కింద పెడదాం. ఏమీ లేకుంటే పొండి, నేను ఇంగ నోరెత్తను. ఉంటే మాత్రం అందరం ఆగల్ల."

"గాజుముక్కలో అమ్మవారు కనపడుతుందంట. టికెట్టు ఎంత కోడలా?"

నవ్వినారు గానీ నారాయణప్ప నవ్వలేదు. అయిదు మందల్లో పెద్ద మంద ఆయనదే. "పోయినేడు పామిడి దిక్కు నుంచి రోగం మందలు తోలుకొచ్చినారని సిరుగుప్ప రైతులు కట్టెలు పట్టుకొని తరిమినారు. ఆ పక్క మళ్ళీ అడుగు పెట్టనియ్యలేదు. చూసేదానికి మనదేం పోతుంది పెద్దన్నా? చూద్దాం."

యేసన్న వచ్చి పెద్దన్న గొర్రె చెవి గీకి తీసుకపోయినాడు. పెద్దన్న, నారాయణప్ప, హనుమంతమ్మ బస్సులో పోయినారు. కంబళి మళ్ళీ కిటికీకి ఎక్కింది. డాక్టరు ఎర్ర రంగు నీళ్ళలో నుంచి పలక తీసి ఆరబెట్టి గొట్టం కింద పెట్టినాడో లేదో, కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది గానీ డాక్టరు దీపం వెయ్యలేదు.

"మళ్ళీ వెలిగించేదానికి ఏం రోగం?" అన్నాడు పెద్దన్న.

"కాగి ఉండాది పెద్దయ్యా. చల్లారకుండా వేస్తే పగులుతుంది."

ముగ్గురూ చీకట్లో కూర్చున్నారు. డాక్టరు టీ చెప్పేదానికి బయటికి పోయినాడు. మొగాలు కనపడనప్పుడు మాట సులువు.

"నా గొర్రె పక్కు నువ్వే గిల్లినావా మామా?"

పెద్దన్న దాచలేదు. "మంచి పక్కది. అంత దిట్టంగా కట్టిన పక్కు నేను చూసి చానా కాలమాయె."

"అడిగింటే ఇయ్యనా?"

"అడిగి తెచ్చుకుంటే పని చెయ్యదు. అమ్మవారిని చెప్పకుండా ఎత్తుకరావల్ల. మా నాయన అట్లే చెప్పినాడు."

నారాయణప్ప దగ్గినాడు. హనుమంతమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి ఇంకోటి అడిగింది. "మీ నాయన గీకినాక మందను యాడికి తోలుకొని పోతాండె?"

"యాడికి పోయేది? అప్పుడు కాలువ యాడుండె? చెవులు మానేదాకా గుట్ట కిందనే మేపుకుంటాండె."

ఆ మాట అన్నాక పెద్దన్న ఆగిపోయినాడు. తన మాటే తనకు కొత్తగా వినపడినట్టుండాది. నారాయణప్ప కూడా దగ్గడం మానేసినాడు. తాతలు గీకినారు సరే, గీకి కదల్లేదు. కదలకూడదని ఎవురూ చెప్పింది లేదు, కదిలే చోటు లేక కదల్లేదు. కాలువ వచ్చింది, పద్ధతి అట్లనే ఉండిపోయింది. ఇద్దరి నడుమా ఈ సంగతి కొడవలి మాదిరి వేలాడతాంటే డాక్టరు వచ్చి దీపం వేసినాడు.

ముందు నారాయణప్ప చూసినాడు. "యబ్బా, ఏం రంగులప్పా," అని గొట్టానికి అంటుకపోయినాడు. లెమ్మంటే లేవడు. డాక్టరు భుజం తట్టి లేపాల్సి వచ్చింది. పెద్దన్న కూర్చున్నాడు. ఒక కన్ను మూసినాడు, ఇంకో కన్ను మూసినాడు. లేచి పంచ దులుపుకున్నాడు.

"చీకటి. ఏమీ లేదు. పదండి, బస్సు పోతుంది."

"కూర్చో మామా. ఆయన చూసి చూసి ఆర్పేసినాడు." హనుమంతమ్మ మర పట్టుకొని పలకను రవ్వంత జరిపింది. "ఇప్పుడు చూడు. నడిమి గింజ కాదు, దాని బయట చూడు."

పెద్దన్న మళ్ళీ కన్ను పెట్టినాడు. ఈసారి లేవలేదు. ఆకు నమలడం నిలిచిపోయింది.

"గింజ బయట పచ్చ ఇసుక మాదిరి."

"అదే."

"ఇది నా గొర్రెదేనా?"

"నీ ఎడమ చెవి పసుపుదే పెద్దయ్యా," అన్నాడు డాక్టరు.

"ఈమె గొర్రెది పెట్టు."

పెట్టినాడు. పెద్దన్న అది చూసినాడు, మళ్ళీ తనది పెట్టమన్నాడు, మళ్ళీ ఆమెది పెట్టమన్నాడు. ఆయనంతకాయనే మర తిప్పి పలక జరుపుకోవడం నేర్చుకున్నాడు. బస్సు పోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కడాన పెద్దన్న లేచి కిటికీ కాడికి పోయి కంబళి దించినాడు. ఎండ ఒక్కసారిగా మీద పడితే అందరూ కండ్లు మూసుకున్నారు. కంబళి మడిచి హనుమంతమ్మ చేతికి ఇచ్చినాడు. ఇంతవరకూ ఆయన ఎవరి కంబళీ మడిచింది లేదు.

పల్లెలో మూడోసారి కంబళి పరిచినారు. ఆరు మందలూ ఆగల్లని చెప్పినారు. ఒక మంద ఆగితే ఆడది ఏడుస్తాండాదని ఊరుకునే సర్కారు, ఆరు మందలు ఆగితే ఊరుకోలేదు. ఎందుకంటే ఊరుకోనియ్యలేదు. మొగోళ్ళూ ఆడోళ్ళూ కంబళ్ళేసుకొని పోయి తాలూకాఫీసు వరండాలో కూర్చున్నారు. గొర్రెలకు గడ్డి కావల్లన్నారు. గడ్డి డిపోకు ఆర్డరు లేదు, వారం ఆగి రమ్మన్నాడు తాసిల్దారు. పెద్దన్న చేతులు కట్టుకొని ఎంతో మర్యాదగా చెప్పినాడు. "సరే సారూ, అంతదాకా మందల్ని ఈడికే తోలుకొస్తాం. మీ వేపచెట్ల నీడ ఉండాది. అమ్మవారు పోసినాయి, మీరేం అనుకోకండి."

గొర్రెల అమ్మవారు మనుషులకు అంటదని తాసిల్దారుకు తెలియదు. తెలిసిన హనుమంతమ్మ చెప్పలేదు. పొద్దు వాలకముందే ఆర్డరు దొరికింది. వచ్చిన వరిగడ్డి సగం మురిగిందే, మురిగింది పక్కకు తీసి మిగతాది ఆరు దొడ్లకూ పంచుకున్నారు. రోగం తగలని గొర్రెలకు యేసన్న టీకాలు వేసినాడు. హనుమంతమ్మవి పిల్లలు చానా పోయినాయి. తెల్ల గొర్రె బతికింది. పెద్దన్న మందలో కూడా కొన్ని పోయినాయి. తిప్పమ్మ వాటిని పూడ్చేటప్పుడు ఏడుస్తాంటే హనుమంతమ్మ పోయి గుంత తవ్వింది.

చెవుల మీద పక్కులు రాలి, కింద లేత తోలు వచ్చినాక, డాక్టరు వచ్చి చూసి సరేనన్నాక, ఆరు మందలూ కలిసి కదిలినాయి. కాలువ గట్టు చేరిన రోజు ఎదురుగా ఇంకో మంద వచ్చింది. ఎవరో రాయదుర్గం దిక్కోళ్ళు. హనుమంతమ్మ దోవకు అడ్డంగా నిలబడింది. ఒక పొట్టేలు ఎడమ చెవి పట్టుకొని ఎండకు తిప్పి చూసింది. పసుపు ఇంకా తడిగానే ఉండాది.

"ఏమప్పా," అనింది ఆ మందాయనతో, "ఈ చెవి గీకి ఎన్నాళ్ళాయె?"

వెనక పెద్దన్న చెయ్యెత్తి తమ మందల్ని ఆపినాడు.